పాత నక్షలు, ఏఆర్‌తో ఊరి చెరువుల వివరాలు భద్రపరచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీది నర్సంపేట దిక్కు ఊరు. మీరు నలుగురు మిత్రులు, చేతిలో నలభై వేల రూపాయలు ఉన్నాయి. గొలుసుకట్టు చెరువులు, తూములు, పాత బండ్ల బాటలు, కుంటల పేర్లు తెలిసిన పెద్దమనుషులు ఒక్కొక్కరే పోతున్నారు. ఫోన్ కెమెరా పట్టుకుంటే పూడిపోయిన కాలువ కనిపించేలా ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, కెమెరాలో కనిపించే నిజ దృశ్యం మీద బొమ్మ కలిపే పద్ధతి) యాప్ చేయాలని ఉంది. యూనిటీ (ఆటలు, ఏఆర్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడంతో మొదలుపెట్టాలా, ఏ పాత నక్ష వాడాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, యూనిటీతో మొదలుపెట్టకండి. ముందు గ్రామ నక్షను స్కాన్ చేయించి జియోరెఫరెన్స్ చేయండి, అంటే నక్షలోని చోట్లను నేల మీది అక్షాంశ రేఖాంశాలకు కలపండి. దాన్ని పెద్దగా ప్రింటు తీసి పెద్దల ముందు పరచి, పేర్లను వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. అదంతా ఏ యాప్ లేకపోయినా తెరుచుకునే ఫైళ్లలో దాచండి. ఏఆర్ వంతు ఆ తర్వాతే, అదీ రెండు మూడు చోట్లకే. ఏఆర్ చూపించడానికి పనికొస్తుంది, దాచడానికి పనికిరాదు. ఫేస్‌బుక్ కంపెనీ మెటా నడిపిన ఏఆర్ ఎఫెక్టుల వేదిక మెటా స్పార్క్ 2025 జనవరి 14న మూతపడింది. బయటివాళ్లు దానిలో చేసిన ఎఫెక్టులన్నీ ఆ రోజుతోనే అందుబాటులో లేకుండా పోయాయి. మీ ఊరి నీరటి (చెరువు నీళ్లు పంచే మనిషి) చెప్పిన మాటలు అలాంటి చోట మాత్రమే ఉంటే వాటి గతీ అంతే.

ఏ నక్ష వాడాలి

మీకు కావలసింది రెవెన్యూ గ్రామ నక్ష. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు (గుట్టలు, వాగులు, ఊర్లు చూపే పెద్ద ప్రాంతపు నక్ష) దానికి తోడు మాత్రమే. ఎందుకో లెక్క చూడండి. పాత షీటు మైలుకు అంగుళం, అంటే 1:63,360. కాగితం మీద అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 32 మీటర్ల వెడల్పు అవుతుంది. కాలువ రోడ్డుకు ఈ పక్కన పోయిందా, ఆ పక్కన పోయిందా అనేది ఆ షీటు తేల్చలేదు. గ్రామ నక్ష మైలుకు ఎనిమిది అంగుళాల స్కేలులో, అంటే 1:7,920లో ఉంటే అదే గీత నాలుగు మీటర్లు. మీ నక్ష ఏ స్కేలులో ఉందో దాని మూలన రాసి ఉంటుంది. అది చూశాకే లెక్క వేయండి.

అయినా టోపోషీటు తీసి పెట్టుకోండి. చెరువు నుంచి చెరువుకు నీళ్లు ఎలా దిగుతున్నాయో ఒక్క ఊరి నక్షలో కనపడదు, గొలుసంతా షీటు మీదే కనిపిస్తుంది. నర్సంపేట, పాకాల దిక్కు పాత నెంబరు 56 ఓ/13. వరంగల్ 56 ఓ/9లో ఉంది. హనుమకొండ 18 డిగ్రీల గీత దాటి పైన ఉంది కాబట్టి అది 56 ఎన్/12లో పడుతుంది. వరంగల్ పట్నం మీద పనిచేసేవాళ్లు రెండు షీట్లూ అతికించుకోవాలి. ఇప్పటి ఓపెన్ సిరీస్ షీట్లు 1:50,000 స్కేలువి, సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి నెంబర్లు వేరు, మన ప్రాంతానివి ఈ-44తో మొదలవుతాయి.

చాలామందికి తెలియని మూడో వనరు కరోనా ఉపగ్రహ చిత్రాలు. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1960 నుంచి 1972 వరకు తీసినవి. 1995లో బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ సైటు యూఎస్‌జీఎస్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతకవచ్చు. కేహెచ్-4బీ రకం చిత్రాల్లో రెండు మీటర్ల దాకా వివరం ఉంటుంది, అంటే చెరువు కట్ట, మత్తడి, మోట బాయి గుర్తుపట్టవచ్చు. వరంగల్ దిక్కు కాకతీయ కాలువ తవ్వకముందు నీళ్లు ఎటు పారాయో తెలియాలంటే ఇంతకు మించిన సాక్ష్యం లేదు. ఒకసారి ఎవరైనా రుసుము కట్టి స్కాన్ చేయించిన ఫిల్ము తర్వాత అందరికీ ఉచితం. కాబట్టి ముందు డౌన్‌లోడ్ గుర్తు ఉన్నవే చూడండి. ఆ కెమెరా పనోరమిక్ రకం (అటు నుంచి ఇటు తిరుగుతూ వెడల్పుగా తీసేది), ఫిల్ము చివరల్లో చిత్రం బాగా సాగిపోతుంది. పొడుగు ఫిల్మంతా ఒకేసారి సరిచేయబోతే కుదరదు. మీ ఊరి చుట్టూ నాలుగైదు కిలోమీటర్ల ముక్క కత్తిరించి దాన్నొక్కదాన్నే సరిచేయండి.

గ్రామ నక్ష కోసం సర్వే, ల్యాండ్ రికార్డుల శాఖ జిల్లా కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. నిజాం కాలం నాటివైతే రాతలు ఉర్దూలో ఉంటాయి, కాబట్టి ఉర్దూ చదవగలిగే పెద్దాయనను ముందే చూసి పెట్టుకోండి. తేదీలు ఫసలీలో (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సర లెక్క) ఉంటే 590 కలపండి, ఒక ఏడాది అటూఇటూగా సరిపోతుంది. 1350 ఫసలీ అంటే 1940-41. టిప్పన్ (ఒక్కో సర్వే నెంబరు కొలతలు రాసిన చిత్తు పటం) కూడా దొరికితే వదలకండి. దానిలో కొలతలు గొలుసులు, అణాల్లో ఉంటాయి. గొలుసు 33 అడుగులు, గొలుసుకు 16 అణాలు, అణాకు రెండడుగుల చిల్లర. గొలుసు చదరం అంటే 33 అడుగులకు 33 అడుగులు, సరిగ్గా ఒక గుంట. నక్ష సాగిపోయి ఉన్నా టిప్పన్ అంకెలు సాగవు. స్కేలు సరిచూసుకోవడానికి అవే ఆధారం.

స్కానింగ్

గుడ్డ అంటించిన పాత నక్షను రోలర్ స్కానర్లో పెట్టవద్దు, మడత దగ్గర చిట్లిపోతుంది. పెద్ద ఫ్లాట్ స్కానర్ దొరక్కపోతే నేల మీద పరచి, సరిగ్గా పైనుంచి, ఫోటోకు ఫోటోకు మూడో వంతు కలిసేలా ముక్కలుగా తీయండి. మూలలు తానే సరిచేసే డాక్యుమెంట్ స్కానర్ యాప్‌లు వాడకూడదు. అవి కాగితాన్ని బలవంతంగా చతురస్రం చేస్తాయి, లోపలి గీతలు ఎంత జరిగాయో తర్వాత తేలదు. స్కానర్ ఉంటే 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు) చాలు, 1:7,920 నక్షలో ఒక్కో పిక్సెల్ నేల మీద అర మీటరు అవుతుంది. టిఫ్‌లో దాచండి, జేపెగ్ వాట్సాప్‌లో పంపుకోవడానికి ఉంచుకోండి.

జియోరెఫరెన్సింగ్‌: ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు

క్యూజీఐఎస్ అనే నక్షల సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. ప్రాజెక్టును ఈపీఎస్‌జీ 32644లో పెట్టుకోండి (ఈపీఎస్‌జీ అంటే నిర్దేశాంక పద్ధతులకు ఇచ్చిన కోడు నెంబరు, యూటీఎం అంటే భూమిని నిలువు జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి), మన ప్రాంతం యూటీఎం 44వ జోన్‌లో ఉంది. అసలు పనంతా కంట్రోల్ పాయింట్లు (నక్షనూ నేలనూ కలిపే గుర్తులు) ఎంచుకోవడంలోనే ఉంది. నక్ష మీదా, నేల మీదా కదలకుండా ఉన్నవే పనికొస్తాయి: మూడు ఊర్ల హద్దులు కలిసే రాయి, రాతికట్టు బాయి, కట్ట రెండు కొసలు, పాత రాతి తూము, మార్చని గుడి గర్భగుడి. బొడ్రాయి మంచి గుర్తే, అయితే మళ్లీ ప్రతిష్ఠ చేసినప్పుడు జరిపారా అని అడిగి తెలుసుకోండి. వాగు మలుపు వద్దు, ఏటేటా జరుగుతుంది. రోడ్డు మధ్య గీత వద్దు, ఒక పక్కకే వెడల్పు చేసి ఉంటారు. చెరువు నీటి అంచు అసలే వద్దు.

ఊరికి పన్నెండు నుంచి పదిహేను పాయింట్లు తీసుకోండి. నాలుగు మూలలా, మధ్యలో సమంగా పరచుకొని ఉండాలి. అన్నీ ఊరి నడుమనే ఉంటే శివారు గాలిలో తేలుతుంది. ఒక్కో పాయింటు దగ్గర ఫోన్‌ను కదిలించకుండా మూడు నాలుగు నిమిషాలు ఉంచి సగటు తీసుకోండి. చెట్టు కింద, గోడ పక్కన తీసిన రీడింగు నమ్మవద్దు. ఉపగ్రహ చిత్రం చూసి పాయింటు పెట్టడం సులువే గాని ఆ చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు ఉండవచ్చు. కనీసం మూడు చోట్ల నేల మీద కొలిచి పోల్చుకోండి.

నక్షను నేలకు సరిపెట్టే లెక్కల్లో మొదట పాలినోమియల్ 1తో చేయండి. మూడు పాయింట్లతోనే నడుస్తుంది, మిగతావన్నీ తప్పు ఎక్కడుందో చూపిస్తాయి. ఒక్క పాయింటు మాత్రమే ఇరవై మీటర్లు తేడా చూపిస్తే అది నక్ష తప్పు కాదు, మీరు వేరే రాయి పట్టుకున్నారన్నమాట. తేడాలు ఒక వరుసలో వంగినట్టు కనిపిస్తే కాగితం ముడుచుకుందని అర్థం, అప్పుడు పాలినోమియల్ 2కు పోండి. దానికి కనీసం ఆరు పాయింట్లు కావాలి.

థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే ఇంకో లెక్క వాడితే తప్పు సున్నా అని చూపిస్తుంది. ఆ సున్నాను నమ్మవద్దు. ఆ పద్ధతి ప్రతి పాయింటునూ బలవంతంగా కలిపేస్తుంది, మీరు తప్పు రాయి పెట్టినా కలిపేస్తుంది. అందుకే నాలుగు పాయింట్లు లెక్కలో కలపకుండా పక్కన పెట్టుకోండి. పనయ్యాక అవి ఎంత దూరంలో పడ్డాయో చూడండి. అదే మీ నక్ష అసలు ఖచ్చితత్వం. గ్రామ నక్షకు ఐదు నుంచి ఎనిమిది మీటర్లు వస్తే మంచి పనే. ఆ అంకెను ఫైలు పేరులోనే రాయండి, లేకపోతే రెండేళ్లకు ఎవరికీ గుర్తుండదు.

టోపోషీట్లతో రెండు ప్రమాదాలున్నాయి. పాత షీట్ల అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ దీర్ఘగోళం (భూమి ఆకారానికి పాత కొలత) మీద లెక్కించినవి, జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84. షీటు మూలల అంకెలను నేరుగా 4326లో (డబ్ల్యూజీఎస్ 84 కోడు) ఎక్కిస్తే మన దగ్గర వంద మీటర్లకు పైనే పక్కకు పోతుంది. ముందు ఈపీఎస్‌జీ 4146 లాంటి కల్యాణ్‌పూర్ పద్ధతిలో ఎక్కించి తర్వాత మార్చుకోవాలి. రెండోది ఇంకా పెద్దది. 1900కు అటూఇటూ అచ్చయిన షీట్ల రేఖాంశాల్లో పాత మద్రాసు లెక్క ఉంటుంది, దానిలోంచి 2 నిమిషాల 27 సెకన్లు తీసేయాలి. నేల మీద అది నాలుగు కిలోమీటర్ల పైమాటే, అంటే ఊరే మారిపోతుంది. ఆ గమనిక షీటు అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవకుండా ముందుకు పోవద్దు.

పెద్దల దగ్గర పేర్లు రాబట్టడం

సరిచేసిన నక్షను ఉపగ్రహ చిత్రం మీద సగం పారదర్శకంగా వేసి ఆరడుగులకు నాలుగడుగుల ఫ్లెక్సీ కొట్టించండి. కాగితం వద్దు, ఫ్లెక్సీ అయితే రచ్చబండ మీద పరిచినా చిరగదు. పైన ట్రేసింగ్ షీటు పెట్టి స్కెచ్ పెన్నుతో రాయవచ్చు. గుడి, బడి, కట్ట ముందే గుర్తులు పెట్టండి. ఫ్లెక్సీని నేల మీద నిజమైన దిక్కులకే తిప్పి పరచండి. గోడకు వేలాడదీసి ఉత్తరం పైన అంటే పెద్దవాళ్లు తికమకపడతారు. నేల మీద తూర్పు తూర్పున ఉంటే వేలు పెట్టి మరీ చూపిస్తారు.

"మీ చెరువు చరిత్ర చెప్పండి" అని అడిగితే కాకతీయులు తవ్వించారని ఒక ముక్కతో ముగుస్తుంది. నీళ్ల వెంట నడిపించండి. మత్తడి దుంకితే నీళ్లు ఎటు పోతాయి? ఆ ఒర్రె పేరేంది? తర్వాత ఏ కుంటల పడతాయి? పెద్ద తూము కింద మొదటి మడి ఎవరిది, ఆఖరి మడి ఎవరిది? కరువులో వంతు ఎట్ల పెట్టేది? ఇలా అడిగితే పేర్లు వాటంతటవే వస్తాయి.

ఒక్క నీరటినే పట్టుకోకండి. చెరువు లోపల లోతు, మునిగిన బండలు చేపలు పట్టే ముదిరాజులకు తెలుసు. పాత బాటలు, బంచరాయి గొల్లకుర్మలకు తెలుసు. ఈదుల వనం హద్దు గౌడ్లకు, కట్టకు రాయి ఎక్కణ్నుంచి తెచ్చారో వడ్డెరలకు తెలిసి ఉంటుంది. చెల్కల పేర్లు, మడి మడి పేర్లు నాట్లు వేసిన ఆడవాళ్ల నోట వచ్చినంత వివరంగా ఇంకెవరి నోటా రావు. అయితే మగవాళ్లు చుట్టూ కూచుంటే వాళ్లు మాట్లాడరు, విడిగా కూచోబెట్టి అడగండి.

రికార్డింగు వేవ్ ఫైలులో, 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకోండి. కాలరుకు పెట్టే తీగ మైకు చాలు, గాలికి చిన్న స్పాంజి తొడుగు వేయండి. కట్ట మీద గాలి ఫోన్ మైకును పూర్తిగా చెడగొడుతుంది. మొదటి నిమిషంలోనే ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడ, ఏ తేదీ, దీన్ని బయటపెట్టడానికి ఒప్పుకుంటున్నారా అనేది వాళ్ల గొంతుతోనే చెప్పించండి. సంతకం కాగితం కంటే అది మేలు. కాగితం తప్పిపోయినా ఒప్పుకోలు ఫైలులోనే ఉంటుంది.

ప్రతి పేరుకు ఒక వరుస రాయండి. ఊర్ల పలికే పేరు, నక్షలోని పేరు, టోపోషీటులోని పేరు, రకం, చెప్పినవారి కోడు, ఆడియో ఫైలు, అందులో ఏ నిమిషం. ఇవి గాక తప్పనిసరిగా ఒక గడి ఉండాలి: స్వయంగా చూసిందా, తండ్రి చెప్పిందా, ఊర్ల అనుకునేదా. ఈ గడి లేకపోతే పదేళ్ల తర్వాత అన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి.

తెలుగు డేటాను నక్షల పాత ఫైలు రకమైన షేప్‌ఫైలులో పెట్టవద్దు. గడి పేరు పది అక్షరాలకు మించదు. గడిలో 254 బైట్లే పడతాయి, యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కాబట్టి ఎనభై చిల్లర అక్షరాల దగ్గర వాక్యం తెగిపోతుంది. దాని బదులు జియోప్యాకేజీ అనే కొత్త రకం ఫైలు వాడండి. దానితోపాటు మామూలు అక్షరాల ఫైళ్లుగా ఒక సీఎస్‌వీ, ఒక జియోజేసన్ కాపీ పెట్టుకోండి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు గీతలుగా మారవచ్చు. ఆ స్థితిలో సేవ్ చేస్తే ఇక తిరిగి రాదు, డేటా ఇంపోర్ట్ ద్వారా యూటీఎఫ్-8 ఎంచుకొని తెరవాలి.

ఇప్పుడు ఏఆర్

మొదటి ఏఆర్‌ను నేల మీద కాకుండా నక్ష మీదే చేయండి. పంచాయతీ ఆఫీసులోనో, బడి గోడకో నక్ష బోర్డు పెట్టి, ఫోన్ చూపిస్తే దాని మీద పాత కాలువలు పారుతున్నట్టు, కుంటను తాకితే పెద్దమనిషి గొంతు వినపడేటట్టు చేయడం మీ బడ్జెట్‌లో సాధ్యం. జీపీఎస్ అక్కర్లేదు, అతుకు మిల్లీమీటర్లలో ఉంటుంది. మైండ్‌ఏఆర్, ఏ-ఫ్రేమ్ అనే ఏఆర్ పనిముట్లు రెండూ ఉచితం, బ్రౌజర్లో నడుస్తాయి, ఐఫోన్‌లోనూ పనిచేస్తాయి. సైటు హెచ్‌టీటీపీఎస్‌లో ఉండాలి, లేకపోతే కెమెరా తెరుచుకోదు. గిట్‌హబ్ పేజెస్ (ఉచితంగా సైటు పెట్టుకునే చోటు) చాలు.

బోర్డులో రెండు విషయాలు చూసుకోండి. ఉత్త గీతల నక్షను కెమెరా సరిగా గుర్తుపట్టదు, తెల్ల ఖాళీ ఎక్కువ. మధ్యలో ఉపగ్రహ చిత్రమో, ఊరి ఫోటోనో కలపండి. రెండోది మెరుపు. గ్లాసీ లామినేషన్ మీద ఎండ పడితే ఏ కెమెరాకూ కనపడదు, మ్యాట్ అడగండి. బొమ్మ వెడల్పుకు పదింతల దూరం దాకా గుర్తుపడుతుందని ఉజ్జాయింపు. ఇరవై సెంటీమీటర్ల బొమ్మకు రెండు మీటర్లు.

నేల మీద ఏఆర్ కష్టం. జీపీఎస్ తప్పు ఐదు మీటర్లు అనుకుంటే, దిక్సూచి తప్పు అంతకంటే ఎక్కువ చెడగొడుతుంది. ఫోన్ దిక్సూచి పది డిగ్రీలు తప్పడం మామూలే. వంద మీటర్ల దూరంలో అది 17 మీటర్ల పక్కచూపు. తూము షట్టరు ఇనుము, కరెంటు స్తంభం, బైకు పక్కన ఉంటే ఇంకా ఎక్కువ. గూగుల్ ఏఆర్‌కోర్ జియోస్పేషియల్ వాడితే ఈ తప్పు పోతుందా అంటే, అది స్ట్రీట్ వ్యూ ఫోటోలతో పోల్చి స్థానం పట్టుకుంటుంది. 2022లో మన దేశంలో మొదటి విడత పది నగరాల్లో హైదరాబాద్ ఉంది, వరంగల్ లేదు. మీ పొలం గట్టు మీద ఆ పోలిక దొరకదు, మళ్లీ జీపీఎస్, దిక్సూచే గతి. ఎత్తు విషయంలో ఇంకో తిరకాసు ఉంది. సముద్ర మట్టం నుంచి లెక్కించిన ఎత్తును నేరుగా ఇస్తే మన ప్రాంతంలో బొమ్మ డెబ్భై మీటర్లకు పైనే ఆకాశంలో వేలాడుతుంది. జీపీఎస్ ఎత్తు దీర్ఘగోళం నుంచి లెక్క, మన దగ్గర రెండింటికీ అంత తేడా. టెర్రెయిన్ యాంకర్ (బొమ్మను నేల ఎత్తుకే అతికించే ఏర్పాటు) వాడితే ఈ బాధ ఉండదు.

అయినా ఒక్క చోటైనా చేయాలనుకుంటే పద్ధతి ఇది. కట్ట మీద ఒక చోట నిలబడే గుర్తు పెట్టండి. అక్కడి నుంచి స్పష్టంగా కనిపించే రెండు శాశ్వత వస్తువులు ఎంచుకోండి, గుట్ట మీది గుడి, ఓవర్‌హెడ్ ట్యాంకు లాంటివి. ఆ రెండింటి దిక్కును క్యూజీఐఎస్‌లో కొలవండి. యాప్ తెరవగానే చూసేవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద తాకాలి. దిక్సూచి బదులు ఆ రెండు తాకుళ్లతో దిక్కు సరిపోతుంది. తప్పు ఒక డిగ్రీకి దిగితే యాభై మీటర్ల దూరంలో ఒక మీటరు లోపే. దీనికి మైండ్‌ఏఆర్ చాలదు. అది బొమ్మ కనపడినంతసేపే పనిచేస్తుంది, ఫోన్ పక్కకు తిప్పగానే అన్నీ మాయం. యూనిటీలో ఏఆర్ ఫౌండేషన్ అనే భాగం అవసరమయ్యేది ఇక్కడే.

యూనిటీలో దిగితే తెలుగు ఒత్తులు చెదిరిపోతాయి. అక్షరాలు చూపే దాని భాగం టెక్స్ట్‌మెష్‌ప్రో తెలుగు అక్షరాలను సరిగా కూర్చదు, "మత్తడి"లో త వత్తు కింద పడకుండా పక్కన విడిగా నిలబడుతుంది. పేర్లను పీఎన్‌జీ బొమ్మలుగా చేసి అతికించడమే సులువైన దారి. బ్రౌజర్ పద్ధతిలో అయితే మామూలు హెచ్‌టీఎంఎల్ అక్షరాలను తెర మీద వేయండి, బాగానే వస్తాయి.

నీటి మీద ఏఆర్ నిలవదు. కదిలే నీటిలో కెమెరాకు పట్టు దొరకదు. మిడ్ మానేరు ముంపు గ్రామాల్లాంటి చోట కట్ట మీద నిలబడి మునిగిన ఊరిని చూపించాలని చాలామందికి ఆశ. అలాంటి చోట అదే స్థలం నుంచి తీసిన 360 డిగ్రీల ఫోటో మీద పాత వీధులు గీసి పెట్టడం మేలు. ఏఆర్ అని పేరు ఉండదు గాని ముసలివాళ్లు తమ ఇల్లు ఇక్కడ అని వేలు పెట్టగలుగుతారు. నేనైతే పొలాల్లో కూడా ముందు ఇదే చేసి, దానికి ఆదరణ వచ్చాకే యూనిటీ జోలికి పోతాను.

మోడల్ ఫైలు ఐదు ఎంబీ దాటనీయకండి, కట్ట మీద సిగ్నల్ అంతంత మాత్రమే. చూపించడానికి పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత మంచిది. మే ఎండలో తెర కనపడదు, ఫోన్ వేడెక్కి కెమెరా ఆగిపోతుంది.

ఊహను ఊహలాగే చూపించండి. వరంగల్ కోట నడుమ నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉన్నాయి, మధ్యలోని గుడి లేదు. అక్కడ శిఖరం దాకా గుడి కట్టి ఏఆర్‌లో చూపిస్తే పిల్లలు అదే నిజమనుకుంటారు. పునాది గీతలు గట్టి రంగులో, మిగతాది చుక్కల గీతల్లో ఉంటే చాలు. మీ కాలువకూ అదే నియమం: నక్షలో ఉన్నది ఒక రంగు, చిత్రంలో కనపడింది ఇంకో రంగు, నోటిమాట మూడో రంగు. ఇంకో సంగతి, కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప లాంటి కేంద్ర రక్షిత కట్టడాలకు ప్లేటు గాని, స్టిక్కరు గాని అంటించకూడదు. బోర్డు పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి.

బయట పెట్టకూడనివి

గెట్ల గీతలను ఏఆర్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ చూపించవద్దు. మీ నక్ష ఐదారు మీటర్లు అటూఇటూగా ఉంటుంది. గెట్టు పంచాయితీ గజం మీద మొదలవుతుంది. "యాప్‌ల ఇట్ల చూపెట్టింది" అని ఒకరు కర్ర పట్టుకుంటే మీరు జవాబు చెప్పలేరు. సర్వే నెంబర్లు, పట్టాదారుల పేర్లు తీసేసి నీళ్లు, బాటలు, పేర్లు మాత్రమే ఉంచండి. శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) గీతా అంతే. అది చూపిస్తే ఆక్రమణల గొడవకు మీరు సాక్షులవుతారు. కావలసినవాళ్లు సర్వేయరుతో కొలిపించుకుంటారు. నక్షబాటల (నక్షలో ఉన్న పాత బాటల) మీద కూడా గొడవలున్న చోట ఊర్ల మాట్లాడాకే పెట్టండి.

పొలాల్లో పడి ఉన్న విగ్రహాలు, వీరగల్లులు, పాటిగడ్డల (పాత ఊర్ల దిబ్బల) ఖచ్చితమైన స్థానం బయటపెట్టవద్దు. గుప్తనిధుల తవ్వకాలవాళ్లు ఇలాంటి జాబితాల కోసమే చూస్తుంటారు. మీ అసలు ఫైలులో ఉంచుకోండి, బయటి కాపీలో ఊరి పేరు చాలు. మందుచెట్ల చోట్లు, అడవి దిక్కు కోయల ఇలవేల్పుల తావులు వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డు చేయండి, అప్పుడు కూడా స్థానం వద్దు.

కాపీరైటు విషయానికొస్తే, ప్రభుత్వం అచ్చువేసినదానికి అచ్చయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. అంతకంటే పాత షీటు నిశ్చింతగా ఎక్కించవచ్చు.

నలభై వేలు ఎట్ల పంచాలి

స్కానింగుకు, నక్ష నకళ్ల రుసుముకు ఐదారు వేలు పక్కన పెట్టండి. మైకు, రెండు ఫ్లెక్సీలు, ట్రేసింగ్ షీట్లు కలిపి మరో ఐదు వేలు. రెండు హార్డ్ డిస్కులకు పది వేలు, ఒకటి ఊర్ల, ఒకటి వేరే ఊర్ల ఉంచాలి. మాట చెప్పిన పెద్దలకు ఉత్త చేతులతో పోవద్దు. వాళ్ల ప్రయాణం, చాయ్, పోగొట్టుకున్న కూలి కింద పది వేలైనా తీసి పెట్టండి. మ్యాట్ లామినేషన్ బోర్డుకు రెండు మూడు వేలు. మిగిలిందే ఏఆర్‌కు, అది చాలు కూడా.

బోర్డు మీద క్యూఆర్ వేసేటప్పుడు గిట్‌హబ్ లింకు గాని, ఉచిత క్యూఆర్ కంపెనీల పొట్టి లింకు గాని నేరుగా వేయకండి. సొంత డొమైన్ ఒకటి కొని దాని లింకు వేయండి. సైటు రేపు ఎక్కడికి మార్చినా బోర్డు మళ్లీ కొట్టించే పని ఉండదు. ఆ డొమైన్ రుసుము ఏటా ఎవరు కట్టాలో నలుగురూ ఇప్పుడే రాసుకోండి. మీ నక్ష స్కేలు ఎంతో, రాత ఉర్దూనా తెలుగా, మూడు ఊర్ల హద్దు రాళ్లు ఎన్ని మిగిలాయో ఇక్కడ రాస్తే, కంట్రోల్ పాయింట్లు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్తాను.